కోషర్ ముద్ర ఆరోగ్యానికి హామీ ఇస్తుందా? ఎవరు దేన్ని చూసి ఎంచుకోవాలి?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒక సలహా తరచుగా వినిపిస్తుంది: "కోషర్ ముద్ర ఉన్న ప్యాకెట్ తీసుకోండి, శుభ్రంగా ఉంటుంది, ఆరోగ్యానికీ మంచిది." యూదుల మత ఆహార నియమాల ప్రకారం తయారైన సరుకు అని ప్యాకెట్ మీద వేసే గుర్తే కోషర్ ముద్ర. ఆ సలహాలో సగం నిజం, ఆ సగం చాలా పనికొచ్చే నిజం. మిగతా సగాన్ని కూడా నమ్మి బుట్టలో వేసుకుంటే రక్తపోటు ఉన్న నాన్నగారికి ఉప్పు ఎక్కువైన కోడి మాంసం వడ్డిస్తాం, పాలు పడని పిల్లవాడి చేతిలో పాల అంశ ఉన్న చాక్లెట్ పెడతాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక పదార్థం దేనితో తయారైంది, ఏ జంతువు నుంచి వచ్చింది అనే ప్రశ్నకు నమ్మదగిన కోషర్ ముద్ర ఇచ్చినంత కచ్చితమైన జవాబు అమెరికా దుకాణాల్లో మరే గుర్తూ ఇవ్వదు. అందులో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎంత ఉన్నాయి, మీ ఒంటికి అది సరిపడుతుందా అనే ప్రశ్న ఆ ముద్ర పరిధిలోనిదే కాదు. కాబట్టి కోషర్ మంచిదా కాదా అని మొత్తంగా తేల్చబోవడం కన్నా, మీ అవసరం ఏమిటో ముందు గుర్తించి, దానికి ఏ గుర్తు పనికొస్తుందో చూడటమే సరైన దారి.

నియమాలు క్లుప్తంగా

గిట్టలు చీలి, నెమరు వేసే జంతువులే యూదులకు తినదగినవి. ఆవు, గొర్రె, మేక, జింక ఈ కోవలోకి వస్తాయి. పందికి గిట్టలు చీలి ఉంటాయి గానీ అది నెమరు వేయదు కనుక నిషిద్ధం. నీటి జీవుల్లో రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్నవే తినాలి. అంటే మన పులస, కొరమీను సరే. వాలుగ, రొయ్య, పీత కుదరవు. ఇవన్నీ బైబిలులోని లేవీయకాండము 11వ అధ్యాయంలోనూ, ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలోనూ ఉన్నాయి. రక్తం తినకూడదు. మేకపిల్లను దాని తల్లిపాలతో ఉడికించవద్దన్న ఆజ్ఞ యూదుల ధర్మగ్రంథమైన తోరాలో మూడుచోట్ల వస్తుంది. దాని ఆధారంగానే మాంసాన్నీ పాల పదార్థాలనూ ఒకే భోజనంలో కలపరు. మాంసం తిన్న తర్వాత పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. జర్మన్ యూదుల ఆనవాయితీ మూడు గంటలు, డచ్చి వారిది ఒక గంట. అటు మాంసమూ ఇటు పాలూ కాని గుడ్లు, చేపలు, కూరగాయలు, పప్పుల వంటివాటిని పరెవ్ అంటారు. ప్యాకెట్ల మీద తరచుగా కనిపించేది ఈ మాటే.

ఈ నియమాల వెనక ఉన్నది ఆరోగ్యమేనా?

యూదు పండితులే ఈ ప్రశ్న మీద వందల ఏళ్లుగా వాదించుకున్నారు. ఈజిప్టులో సలాదీన్ ఆస్థానానికి వైద్యుడిగా పనిచేసి, 1204లో కన్నుమూసిన మైమోనిడీస్ వైద్యుడి కళ్లతోనే చూశాడు. నిషిద్ధమైన ఆహారాలన్నీ ఒంటికి మంచివి కావని, పంది మురికిలో బతికే జంతువని, దాన్ని పెంచనిస్తే వీధులు మరుగుదొడ్ల కన్నా అధ్వాన్నంగా తయారవుతాయని రాశాడు. తర్వాత సుమారు మూడు వందల ఏళ్లకు స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడిన యూదుల్లో ఒకడైన ఐజాక్ అబ్రబనెల్ ఈ వాదాన్ని గట్టిగా తోసిపుచ్చాడు. చుట్టుపక్కల జాతులు పంది మాంసం తిని ఆరోగ్యంగానే ఉన్నాయి కదా, పైగా విషపు మొక్కల ప్రస్తావన నిషేధాల్లో లేదు కదా అన్నది ఆయన ప్రశ్న. దైవగ్రంథాన్ని చిన్నపాటి వైద్యపుస్తకం స్థాయికి దించకూడదని ఆయన పట్టుబట్టాడు.

19వ శతాబ్దిలో మైమోనిడీస్ పక్షానికి కొత్త బలం వచ్చింది. 1835లో లండన్‌లో జేమ్స్ పాజెట్ అనే వైద్య విద్యార్థి శవపరీక్షలో కండరాల్లో సన్నటి పురుగులను గమనించాడు. రిచర్డ్ ఓవెన్ వాటిని వర్ణించి పేరు పెట్టాడు. 1860లో జర్మనీలో ఫ్రీడ్రిచ్ జెంకర్ ఆ ట్రైకినెల్లా పురుగు సరిగ్గా ఉడకని పంది మాంసం ద్వారా మనుషులకు వచ్చి ప్రాణం కూడా తీయగలదని చూపించాడు. యూదులకు ఈ ఆజ్ఞలను అందించిన మోషే కాలానికే ఈ సంగతి తెలుసన్న మాట అప్పటి నుంచి బాగా పాకిపోయింది.

నాకు ఈ వాదం నిలబడేదిగా అనిపించదు. ట్రైకినెల్లా లక్షణాలు తిన్న కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల తర్వాత బయటపడతాయి కాబట్టి సూక్ష్మదర్శిని లేని కాలంలో ఆ జబ్బుకు కారణం ఏ భోజనమో పట్టుకోవడం కష్టం. పైగా తినదగినవని అనుమతించిన ఆవు, గొర్రె, మేకల నుంచి కూడా ఆంత్రాక్స్, బ్రూసెల్లోసిస్ వస్తాయి, ఆవు మాంసంలోనూ బద్దె పురుగు ఉంటుంది. భయమంతా పురుగు గురించే అయితే "బాగా ఉడికించి తినండి" అన్న ఒక్క మాట సరిపోయేది. మానవ శాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో చేసిన వివరణ నాకు ఇంతకన్నా నచ్చుతుంది: సృష్టిలోని వర్గాల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడని జీవులను పక్కన పెట్టి, భోజనం బల్ల దగ్గరే పవిత్రతకు హద్దులు గీసుకోవడం ఇది.

ఇంకో గట్టి ఆధారం యూదు ధర్మశాస్త్రంలోనే ఉంది. పంది గుండె కవాటాన్ని రోగికి అమర్చడానికీ, పంది నుంచి తీసిన ఇన్సులిన్‌ను సూదితో ఎక్కించుకోవడానికీ అభ్యంతరం లేదు. నిషేధం తినడం గురించే. ప్రాణాపాయంలో ఉన్న రోగికి వేరే దారి లేకపోతే నిషిద్ధ ఆహారం కూడా పెట్టాలని, ప్రాణరక్షణ దాదాపు అన్ని ఆజ్ఞల కన్నా పైదని ఆ శాస్త్రం చెబుతుంది. ఆరోగ్యం కోసం పెట్టిన నియమాలను వాళ్లు విడిగానే ఉంచుకున్నారు. ఉదాహరణకు చేపనూ మాంసాన్నీ కలిపి వండటం ఒంటికి హానికరమని యూదు పండితుల చర్చల గ్రంథమైన తాల్ముద్ భావించింది. దాన్ని పాలు, మాంసం నిషేధం వంటి దైవాజ్ఞగా కాక, ప్రమాదం నుంచి కాపాడుకునే జాగ్రత్తగానే లెక్కవేసింది.

పంది మాంసం ముట్టకపోతే పంది పురుగు బెడద ఉండదనుకునే వారు ఒక ఉదంతం తెలుసుకోవాలి. న్యూయార్క్‌లో పంది మాంసం జోలికే వెళ్లని సనాతన యూదు కుటుంబాల్లో కొందరికి మూర్ఛలు వచ్చాయి. మెదడులో పంది బద్దె పురుగు తిత్తులు కనిపించాయి. ఈ కేసులు 1992లో వైద్యపత్రికలో ప్రచురితమయ్యాయి. ఆ ఇళ్లలో పనికి కుదిరిన, లాటిన్ అమెరికా నుంచి వచ్చిన సహాయకుల పేగుల్లో బద్దె పురుగు ఉండి ఉండటమే కారణమని పరిశోధకులు భావించారు. జబ్బు నడిచే తీరు ఇది: సరిగ్గా ఉడకని పంది మాంసం తిన్నవారి పేగులో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటపడతాయి. సరిగ్గా కడగని చేతుల ద్వారా అవి మరొకరి పళ్లెంలోకి చేరి, కడుపులోకి వెళ్లి, పొదిగి, రక్తంలో ప్రయాణించి మెదడులో తిత్తిగా మారతాయి. మన దేశంలో మూర్ఛకు ప్రధాన కారణాల్లో ఇది ఒకటి, పుట్టినప్పటి నుంచి శాకాహారులైన వారిలోనూ కనిపిస్తుంది. ఇక్కడ కాపాడేవి సబ్బుతో చేతులు కడగడం, మరుగుదొడ్డి వాడకం, పచ్చిగా తినే ఆకులను శుభ్రంగా కడగడం.

మతనిష్ఠ ఉన్న యూదులు ఎక్కువ కాలం బతుకుతారన్న మాటకూ ఒక ఆధారం చూపిస్తుంటారు. ఇజ్రాయెల్‌లో 11 మతనిష్ఠ గల కిబ్బుట్జ్‌లనూ (సమష్టిగా బతికే గ్రామాలనూ), వాటికి సాటివైన 11 లౌకిక కిబ్బుట్జ్‌లనూ 1970 నుంచి 1985 వరకు పరిశీలించినప్పుడు మొదటివాటిలో మరణాలు స్పష్టంగా తక్కువగా తేలాయి. అధ్యయనం మంచిదే. కానీ నిష్ఠతో పాటు ప్రార్థన, వారానికో రోజు కచ్చితమైన విశ్రాంతి, ఒకరికొకరు తోడుగా ఉండే జీవితం అన్నీ కలిసి వస్తాయి. అందులోంచి తిండిని ఒక్కదాన్నే విడదీసి ఘనత దానికి కట్టబెట్టడం న్యాయం కాదు.

శాకాహారులకు: కోషర్, వీగన్, మన ఆకుపచ్చ చుక్క

తెలుగు కుటుంబాలకు కోషర్ ముద్ర వల్ల కలిగే అసలు మేలు ఇక్కడే ఉంది. ఇండియాలో ఆకుపచ్చ చుక్క చూస్తే పని అయిపోతుంది: పాలు ఉండవచ్చు, గుడ్డూ మాంసమూ చేపా ఉండవు. అమెరికాలో అలాంటి తప్పనిసరి గుర్తు లేదు. వీగన్ ముద్ర ఉన్నది తీసుకుంటే నెయ్యి, పెరుగు, పనీర్ తినే మనం అనవసరంగా సగం దుకాణం వదులుకోవాలి.

ఒక బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూద్దాం. పదార్థాల జాబితాలో గోధుమ పిండి, చక్కెర, నూనె తర్వాత మోనో డైగ్లిజరైడ్స్, గ్లిజరిన్, నేచురల్ ఫ్లేవర్స్ అని వరుసగా ఉంటాయి. ఇవి నూనెల నుంచి రావచ్చు, పంది లేదా ఆవు కొవ్వు నుంచీ రావచ్చు. ఎక్కడి నుంచో చట్టం చెప్పమనదు. అదే ప్యాకెట్ మీద సున్నాలో యు అక్షరం ఉందనుకోండి, అది న్యూయార్క్‌లోని ఆర్థడాక్స్ యూనియన్ అనే యూదు సంస్థ ముద్ర. 1923లో హైంజ్ వారి శాకాహార బీన్స్ డబ్బా మీద మొదలైన ఈ ముద్ర ఉందంటే ఆ ముడిసరుకులు ఎక్కడి నుంచి వచ్చాయో తనిఖీ జరిగినట్టే. మాంసం కొవ్వు వాడి ఉంటే అది మాంసపు పదార్థమని గుర్తు పెట్టాలి. పురుగుల నుంచి తీసే కార్మైన్ ఎర్రరంగుకూ అనుమతి ఉండదు. ఓకే, స్టార్-కె, కాఫ్-కె అనే సంస్థల ముద్రలు కూడా నమ్మదగినవే.

అయితే ఈ ముద్ర మన ఆకుపచ్చ చుక్కకు సమానం కాదు. గుడ్డు పరెవ్ కనుక దానికి ప్రత్యేక గుర్తేమీ ఉండదు. చేప ఉంటే ఫిష్ అని రాస్తారు, కానీ మొత్తంలో అరవయ్యో వంతు కన్నా తక్కువ ఉంటే రాయకపోవచ్చు. వూస్టర్‌షైర్ సాస్‌లో వేసే ఆంకోవీ చేప ఇలాగే తప్పించుకుంటుంది. కోషర్ జెలటిన్ చేప నుంచి గానీ, కోషర్ పద్ధతిలో వధించిన పశువు నుంచి గానీ వచ్చి ఉండవచ్చు. చాక్లెట్ల మీద మెరుపు కోసం వాడే, లక్క పురుగుల నుంచి వచ్చే లక్క పూతను చాలామంది రబ్బీలు (యూదు మతగురువులు) అనుమతిస్తారు.

అందుకే నా సలహా రెండింటినీ కలిపి చదవమని. ముందు కోషర్ ముద్ర చూడండి, కనిపించని మాంసపు కొవ్వుల బెంగ తీరుతుంది. తర్వాత అలర్జీ పదార్థాల వరుస చూడండి, గుడ్డు, చేప ఉంటే అక్కడ తప్పనిసరిగా రాసి ఉంటుంది. చివరగా జెలటిన్ అనే మాట కోసం వెతకండి. ఈ మూడూ దాటినది దాదాపు మన ఆకుపచ్చ చుక్క స్థాయికి వచ్చినట్టే. చీజ్ విషయంలో కోషర్ ముద్ర మరింత ఉపయోగం, ఎందుకంటే పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసే మామూలు రెన్నెట్ వాడినదానికి ఈ ముద్ర దొరకదు. కోషర్ చీజ్‌లో ఎక్కువ భాగం సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో చేసిందే. పూర్తి నిశ్చయం కావాలంటే శాకాహార రెన్నెట్ అని రాసినదే తీసుకోండి.

ఒక్క హెచ్చరిక. వృత్తం గానీ, సంస్థ గుర్తు గానీ లేకుండా ఉత్త కె అక్షరం మాత్రమే ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. అక్షరానికి ట్రేడ్‌మార్క్ ఉండదు, దాన్ని ఎవరైనా ముద్రించుకోవచ్చు. పంది జెలటిన్‌ను కూడా అనుమతించే ఉదారవాద రబ్బీల ఆమోదంతో ఆ అక్షరం పెట్టిన సందర్భాలు ఉన్నాయి.

పాలు పడనివారికి

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది: పాల అలర్జీ ఉన్న బిడ్డకు పరెవ్ అన్న మాటను నమ్మి ఏదీ పెట్టవద్దు. పరెవ్ అనేది మత నియమం ప్రకారం తేల్చేది. పాల పదార్థాలు నడిచిన యంత్రాన్ని శాస్త్రోక్తంగా శుద్ధి చేశాక పరెవ్ సరుకు చేయవచ్చు. పొరపాటున కలిసిన అతి స్వల్ప అంశ అరవై వంతుల్లో ఒకటికి లోపు ఉంటే మత దృష్టిలో అది లేనట్టే. అలర్జీ ఉన్న ఒంటికి ఆ లెక్క వర్తించదు. డార్క్ చాక్లెట్లతో మరీ జాగ్రత్త. పదార్థాల్లో పాలు లేవని రాసిన వాటిలో కూడా పాల అంశ తరచుగా బయటపడుతుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పరీక్షల్లో తేలింది.

ముద్ర పక్కన డి అక్షరం ఉంటే మాత్రం అది మీకు మేలు చేసే హెచ్చరిక. పాలు ఉన్నాయనో, పాలు నడిచిన యంత్రం మీద చేశారనో దానికి అర్థం. అలర్జీ ఉన్నవారు వెంటనే వెనక్కి పెట్టేయాలి. లాక్టోజ్ మాత్రమే పడక కడుపుబ్బరం వచ్చేవారు పదార్థాల జాబితా చూసి నిర్ణయించుకోవచ్చు. అలాంటివారికి పరెవ్ కూడా మామూలుగా సరిపోతుంది.

మాంసం: కోషర్, హలాల్, మామూలుది

కోషర్ మాంసం తయారీ చూస్తే ఎంత శ్రద్ధ పెడతారో అర్థమవుతుంది. వధించేవాడు కత్తి అంచును గోటి మీద నడిపి, చిన్న గంటు కూడా లేదని తేల్చుకుంటాడు. ఆ తర్వాత పశువు ఊపిరితిత్తులను తడిమి పరీక్షిస్తారు. మాంసాన్ని అరగంట నీటిలో నానబెట్టి, అన్ని వైపులా కల్లుప్పు పట్టించి, రక్తం కారిపోయేలా వాలు పలక మీద గంటసేపు ఉంచి, మూడుసార్లు కడుగుతారు. కాలేయంలో రక్తం ఎక్కువ కాబట్టి దాన్ని నేరుగా మంట మీద కాలుస్తారు.

జబ్బు పడిన పశువు పళ్లెం దాకా రాకుండా ఈ తనిఖీ కొంత అడ్డుకుంటుంది. కానీ సూక్ష్మజీవుల సంగతి వేరు. 2012లో న్యూయార్క్ ప్రాంతంలో కొన్న కోడి మాంసం నమూనాలను పరీక్షించిన ఒక అధ్యయనంలో, యాంటీబయోటిక్‌లకు లొంగని ఇ.కోలై కోషర్ కోడిలోనే ఎక్కువగా కనిపించింది. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం గానీ, కోషర్ కనుక తక్కువ ఉడికించినా ఫరవాలేదన్న ధీమాకు చోటు లేదని అర్థమవుతుంది. యాంటీబయోటిక్‌లే మీ బెంగ అయితే అవి వాడకుండా పెంచినదని రాసి ఉన్న మాంసం వెతకండి. ఏ కోడి అయినా లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాటే వరకు ఉడకాలి.

కోషర్‌కూ హలాల్‌కూ మధ్య ఆరోగ్యం పేరుతో తేడా చూడటం అనవసరం. హలాల్‌లో ఉప్పు పట్టించే ఘట్టం లేదు కనుక రక్తపోటు ఉన్నవారికి ఆ మేరకు మేలు. కానీ అమెరికాలో మామూలు కోడిలోకి కూడా ఉప్పునీరు ఎక్కించి అమ్మడం ఉంది కాబట్టి ఏది కొన్నా సోడియం అంకె చూడాల్సిందే. కోషర్ మాంసం వండేటప్పుడు కూరలో ఉప్పు చివర్లో, రుచి చూసి వేయండి.

కోషర్ సలామీ, పాస్ట్రామీ, హాట్‌డాగ్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాలు మంచివన్న అపోహ మాత్రం వదులుకోవాలి. రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో తేల్చింది. ఆ మాంసం ఏ పద్ధతిలో వధించినదన్నది ఆ లెక్కలో లేదు.

ఉప్పు, కొవ్వు

వంటల వీడియోలు చూసి కోషర్ ఉప్పుకు మారే ఇళ్లు పెరుగుతున్నాయి. మాంసానికి పట్టించడానికి వాడే గరుకు ఉప్పు కనుక దానికి ఆ పేరు. బరువుకు బరువు చూస్తే సోడియం మామూలు ఉప్పులో ఉన్నంతే. పలుకులు పెద్దవి కాబట్టి చెంచాలో తక్కువ పడుతుంది, అంతే. అసలు తేడా అయోడిన్‌లో ఉంది: కోషర్ ఉప్పులో సాధారణంగా అది కలపరు. గర్భిణులు, పిల్లలు ఉన్న ఇంట్లో రోజువారీ వంటకు అయోడిన్ కలిపిన ఉప్పునే ఉంచుకోండి.

కొవ్వు కథ నాకు మరింత ముఖ్యంగా తోస్తుంది. మాంసం భోజనం తర్వాత వెన్నతో చేసిన కేకు తినకూడదు కాబట్టి పాలు లేని కొవ్వు కోసం యూదు ఇళ్లు ఎప్పటి నుంచో వెతుకుతున్నాయి. 1911లో పత్తిగింజల నూనెను గడ్డకట్టించి చేసిన క్రిస్కో రావడంతో అది వాళ్ల వంటింట్లో స్థిరపడిపోయింది. తర్వాత వెన్నకు బదులుగా వాడే పరెవ్ మార్జరిన్ వచ్చింది. మన ఇళ్లలోకి 1937 తర్వాత వచ్చిన డాల్డా కూడా ఇలాంటి సరుకే. వీటిలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటని తర్వాత తేలింది. 2015లో అమెరికా ఆ నూనెలు సురక్షితం కాదని ప్రకటించి, 2018 నుంచి తొలగింపు అమలు చేసింది. ఇండియాలో 2022 నుంచి నూనెలు, కొవ్వుల్లో 2 శాతం పరిమితి ఉంది. నిష్ఠగా పాటించిన నియమమే దశాబ్దాల పాటు ఆ కొవ్వును ఇంట్లోకి తెచ్చింది. ఇప్పటి పరెవ్ మార్జరిన్‌లలో చాలావాటికి పామాయిలే ఆధారం, అందులో సంతృప్త కొవ్వు ఎక్కువ. గుండె జబ్బు ఉన్నవారు పరెవ్ బేకరీ సరుకులను మామూలు కేకుల్లాగే అరుదుగా తినాలి.

చేపలు, పస్కా సరుకులు

గర్భిణులు పాదరసం భయంతో చేపలు ఎంచుకునేటప్పుడు కోషర్ జాబితా మీద ఆధారపడకూడదు. షార్క్ నిషిద్ధం, నిజమే. కానీ మన వంజరానికి దగ్గరి బంధువైన కింగ్ మాకెరెల్, బిగ్‌ఐ ట్యూనా కోషర్ చేపలే. ఈ మూడూ గర్భిణులు తినకూడని వాటిగా అమెరికా ప్రభుత్వం ప్రకటించిన జాబితాలో ఉన్నాయి. సాల్మన్, సార్డిన్ తీసుకోవచ్చు. రొయ్యలు, పీతల అలర్జీ ఉన్నవారు కోషర్ రెస్టారెంట్‌లో నిశ్చింతగా కూర్చోవచ్చు, ఆ వంటింట్లోకి అవి రావు.

ఇక గోధుమ పడని సీలియాక్ రోగులకు వసంతంలో వచ్చే యూదుల పస్కా పండుగ మంచి అవకాశం. పులిసిన గోధుమ సరుకులు ఆ రోజుల్లో తినరు కనుక అప్పుడు దుకాణాల్లో బంగాళదుంప పిండితో చేసిన కేకులు, బిస్కెట్లు కుప్పలుగా వస్తాయి. ముద్ర పక్కన ఉండే పి అక్షరం పస్కాకు గుర్తు, పరెవ్‌కు కాదు. కొత్తవారు ఇక్కడే తడబడతారు. పస్కా సరుకంతా గ్లూటెన్ (సీలియాక్ రోగులకు పడని గోధుమ ప్రోటీన్) లేనిది కాదు. మాట్జా రొట్టెను గోధుమతోనే చేస్తారు, ఆ రొట్టెను పొడి చేసి కలిపిన వంటకాలూ చాలా ఉంటాయి. పి అక్షరంతో పాటు గ్లూటెన్ రహితమని విడిగా రాసి ఉంటేనే కొనండి. మధుమేహం కూడా ఉన్నవారు వెనక ఉన్న పట్టికలో పిండి పదార్థాల అంకె చూసుకోండి. బంగాళదుంప పిండి, చక్కెర కలిసిన ఆ కేకు ఒక్క ముక్కతోనే రక్తంలో గ్లూకోజ్ వేగంగా పెరుగుతుంది.